నాలుగు చుక్కలు కనిపిస్తే సుడి దొరికినట్టు కాదు

మామూలు స్వీయ-కేంద్రీకరణ మాధ్యమంలోకి (కాంతి తనను తానే కూడగట్టుకునే పదార్థంలోకి) సుడి తిరిగే కాంతిపుంజాన్ని, అంటే నడుమ చీకటితో వలయంలా ఉండి, చుట్టూ ఫేజ్ (తరంగ దశ) మారే పుంజాన్ని, పంపితే ఆ వలయం నిలవదు. ఛార్జి 1 అయితే, అంటే వలయం చుట్టూ ఫేజ్ ఒక్క చుట్టే తిరిగితే, సాధారణంగా రెండు ముక్కలై, చెరో దిక్కుకూ జారిపోతుంది. అదే పుంజాన్ని చదరపు లాటిస్‌లోకి (వరసగా పేర్చిన గడుల అల్లికలోకి) పంపితే, వలయం నాలుగు గడుల మీద నాలుగు చుక్కలుగా కుదురుకుంటుంది. ఒక చుక్క నుంచి పక్క చుక్కకు ఫేజ్ 90 డిగ్రీలు మారుతూ, చుట్టూ తిరిగొచ్చేసరికి 360 పూర్తవుతుంది. 2004లో రెండు ప్రయోగ బృందాలు దీన్ని కళ్లకు కట్టించాయి. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా తోచే సంగతి ఇదే.

లాటిస్‌ను చెక్కనక్కర్లేదు, కాంతితోనే రాయొచ్చు. ఎస్‌బీఎన్ (స్ట్రాన్షియం బేరియం నయోబేట్) క్రిస్టల్‌లో, 532 నానోమీటర్ల లేజర్‌తో, నాలుగు కిరణాలను కలిపి సుమారు 20 మైక్రాన్ల గడులు వేస్తారు. లాటిస్ పుంజం ఆర్డినరీ ధ్రువణంలో (క్రిస్టల్ ప్రధాన అక్షమైన సి-అక్షానికి అడ్డంగా), సుడి పుంజం ఎక్స్‌ట్రార్డినరీ ధ్రువణంలో (ఆ అక్షం వెంట) ఉండాలి. మొదటిదానికి ఎలక్ట్రో-ఆప్టిక్ గుణకం (విద్యుత్ క్షేత్రానికి వక్రీభవనం ఎంత మారుతుందో చెప్పేది) చాలా తక్కువ కాబట్టి, తాను రాసిన గడుల్లో తానే చెదరకుండా నేరుగా పోతుంది. రెండోది ఆ గడులను బలంగా చూస్తుంది. ధ్రువణం కాస్త లీకైనా లాటిస్ తనంతట తానే ముడుచుకుపోతుంది. అందుకే క్రిస్టల్‌కు ముందు చివరి భాగంగా లాటిస్ దారిలో మంచి పోలరైజర్ పెట్టాలి.

ఆ నాలుగు కిరణాలూ ఫూరియే తలంలో (లెన్స్ ఫోకస్ తలంలో, ఒక్కో కిరణం ఒక్కో చుక్కగా కనిపించే చోట) ఒకే వ్యాసార్థం మీద ఉండాలి. ఒక్కటి పక్కకు పోయినా, క్రిస్టల్ పొడవునా నమూనా మారిపోతుంది. ఇమేజింగ్ లెన్స్‌ను ముందు ముఖం నుంచి వెనక ముఖం దాకా జరిపి చూడండి: చుక్కలు జరగకూడదు, మసకబారకూడదు. లాటిస్ అక్షాలను క్రిస్టల్ సి-అక్షానికి 45 డిగ్రీల్లో తిప్పి పెట్టండి. ఫోటోరిఫ్రాక్టివ్ స్పందన (కాంతి పడి వక్రీభవన గుణకం మారడం) అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. నిటారుగా పెడితే గడులు ఒక దిక్కున అతుక్కుని గీతల్లా మారతాయి.

ఎలక్ట్రోడ్‌ల మధ్య 5 మిల్లీమీటర్లుంటే 1000 వోల్టులు, అంటే సెంటీమీటరుకు 2 కిలోవోల్టులు, మొదలుకు సరిపోతాయి. సి-అక్షం దిశలోనే ఇవ్వాలి. తిరగేస్తే డిఫోకసింగ్ వస్తుంది (కాంతి కూడకుండా విచ్చుకుంటుంది), పైగా క్రిస్టల్ డీపోల్ అయ్యే (లోపలి విద్యుత్ ధ్రువీకరణ చెదిరే) ప్రమాదం. సుడి పుంజం తీవ్రతను లాటిస్ తీవ్రతలో అయిదో వంతు దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. మరీ ఎక్కువైతే గడులే కరిగిపోతాయి, మరీ తక్కువైతే కాంతి పక్క గడుల్లోకి కారిపోతుంది. ప్రతి పరుగుకూ ముందు తెల్లని కాంతితో పాత ముద్ర చెరిపేయడం తప్పనిసరి.

10 మైక్రాన్ల వ్యాసార్థపు చుక్కకు ఈ క్రిస్టల్‌లో రేలీ దూరం (చుక్క వైశాల్యం తనంతట రెట్టింపయ్యే దూరం) సుమారు 1.4 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల క్రిస్టల్ అంటే దాదాపు 15 రేలీ దూరాలు. అంత దూరం వెళ్లాక కూడా చుక్కలు కట్టుగా ఉన్నాయంటే అది స్వీయ బంధనమే అనుకోవచ్చు. ఐతే అది సుడేనా?

ఇక్కడే చాలామంది తొందరపడతారు. 0, 180, 0, 180 ఫేజ్‌లున్న క్వాడ్రుపోల్ (ఫేజ్ చుట్టూ తిరగని, సుడి కాని అమరిక) కూడా నాలుగు చుక్కలే చూపిస్తుంది. తీవ్రత చిత్రంలో రెంటికీ తేడా కనబడదు. ఏటవాలు రిఫరెన్స్‌తో (పోల్చడానికి కలిపే మామూలు పుంజంతో) వచ్చే చారల్లో ఫోర్క్, అంటే ఒక చార రెండుగా చీలే చోటు, వెతకడం సంప్రదాయమే కానీ, నడిబొడ్డున కాంతి ఉండదు కాబట్టి చీలిక స్పష్టంగా పడదు. అంతకన్నా మేలైన పద్ధతి: రిఫరెన్స్ పుంజాన్ని క్రిస్టల్ దాటాక ఒకే అక్షంలో కలిపి, దాని దారిలోని అద్దాన్ని పీజోతో (వోల్టేజీ ఇస్తే అతి కొద్దిగా సాగే ముక్కతో) మెల్లగా జరపడం. సుడి అయితే నాలుగు చుక్కలూ వరసగా ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయి, గుండ్రంగా తిరుగుతున్నట్టు. క్వాడ్రుపోల్ అయితే ఎదురెదురు జంటలు కలిసి వెలిగి, కలిసి ఆరుతాయి.

తర్వాత స్పైరల్ ఫేజ్ ప్లేట్‌ను (పుంజానికి సుడిని ఇచ్చే, మెట్లులా మందం మారే పలకను) వెనక్కి తిప్పి పెట్టి మళ్లీ చూడండి. వెలుగు తిరిగే దిక్కు కూడా తిరగబడాలి.