కప్రాలోవా స్కోరు కాపీ కోసం లైబ్రరీలో నా అనుభవం

నిన్ననే పని అయింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

చెక్ దేశంలోని బ్ర్నోలో ఉద్యోగం, సాయంత్రాలు పియానో క్లాసు. చెక్ సంగీతకర్త వీటెజ్‌స్లావా కప్రాలోవా 1937లో రాసిన పియానో స్వరరచనలు ‘ఏప్రిల్ ప్రెల్యూడ్స్’ నేర్పమని టీచర్ దగ్గర పట్టుబట్టాను. నాలుగూ చిన్నవే గానీ వేళ్ళకి చుక్కలు చూపిస్తాయి. కప్రాలోవా 1915లో ఈ ఊళ్ళోనే పుట్టింది.

పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు చూపిస్తే లైబ్రరీ కార్డు ఇచ్చేశారు. స్కోరు, అంటే స్వరాలు అచ్చేసిన పుస్తకం, పాత ప్రతి మర్నాటికల్లా తెప్పించారు. తంటా అంతా కాపీ కౌంటర్ దగ్గరే.

అక్కడి పెద్దాయన ఫారం చూసి, వారసుల అనుమతి పత్రం ఏదన్నాడు. ఆవిడ 1940లోనే పోయారండీ, 70 ఏళ్ళు దాటిపోయాయి, 2011 నుంచి కాపీరైట్ లేదు కదా అన్నాను. ఆయన నా ఫారం మీదే పెన్సిల్‌తో 1991 వేసి, కింద 70 వేసి, కూడి, 2061 చుట్టూ సున్నా చుట్టి నా వైపు తోశాడు. ఈ 1991 ఎక్కడిదీ అంటే, ఆవిడ భర్త యిర్జీ ముఖా చనిపోయిన ఏడట! స్వరం కట్టింది ఆవిడ, లెక్క భర్త చావు నుంచి! నా చెక్ భాష అంతంతమాత్రం. తడబడుతుంటే, ‘మేడమ్‌కి ఇక్కడి చట్టాలు తెలియవు’ అని పక్కావిడతో అన్నాడు. వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా మొహం కందగడ్డయింది.

ఆ ముఖాతో ఆవిడ కాపురం నిండా రెండు నెలలు కూడా లేదు. 1940 ఏప్రిల్‌లో పెళ్ళి, జూన్ 16న ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో మరణం, 25 ఏళ్ళకే. 22 ఏళ్ళప్పుడు ప్రాగ్‌లో చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ముందు నిలబడి తన ‘మిలిటరీ సిన్ఫోనియెట్టా’ని తనే కండక్ట్ చేసింది. మరుసటి ఏడు లండన్‌లో బీబీసీ ఆర్కెస్ట్రాతోనూ అంతే. అయినా ఎవరిని కదిపినా సంగీతకర్త కప్రాల్ కూతురు, ఇంకో సంగీతకర్త మార్టినూ శిష్యురాలు, ముఖా భార్య అనే మొదలుపెడతారు. మన ఫారాల్లో ‘తండ్రి/భర్త పేరు’ గడి చూసి ఇది మన జాడ్యమే అనుకునేదాన్ని. యూరప్ కూడా ఏమీ తక్కువ తినలేదు.

చివరికి పై అధికారిని పిలవమన్నాను. చిన్నమ్మాయి, ఫారం చూసి, పెన్సిల్ లెక్క చెరిపేసి, స్టాంపు కొట్టింది. నిమిషం పట్టలేదు. పెద్దాయన మాత్రం తలెత్తలేదు.

వెళ్ళేవాళ్ళు కాపీరైట్ చట్టంలో ఆ 70 ఏళ్ళ సంగతి ఉన్న పేజీ ప్రింటు తీసుకెళ్ళండి. మొహమాటపడకుండా పైవాళ్ళని అడగండి. కొత్త ఎడిషన్ జోలికి పోకండి, సంపాదకుల హక్కులంటూ ఇంకో పేచీ మొదలవుతుంది. కాపీలు పట్టుకుని సాయంత్రమే క్లాసుకి వెళ్ళాను. మొదటిది మొదలైంది. నాలుగోది మరీ వేగమట, వేసవి దాకా ముట్టుకోవద్దన్నారు టీచర్.