14 ఇళ్లు, ఒక బడి: డాబా మీద సోలార్ పెట్టించిన అనుభవం

కృష్ణా జిల్లాలో మా వీధిలోని 14 ఇళ్లకీ, వీధి చివరనున్న ప్రభుత్వ హైస్కూలుకీ డాబా మీద సోలార్ పెట్టించే పని మేం నలుగురం నెత్తినేసుకున్నాం. అందులో ఇద్దరం కరెంటు పని తెలిసినవాళ్లమే. ప్యానెళ్లు ఎక్కించి బిగించడం ఇంటికి రెండు రోజులకి మించలేదు. నెలలు తినేసినవి వేరే ఉన్నాయి: కాగితాల మీది పేర్లు, డాబా మీది నీడలు, స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ ఉంటుంది.

వెండరుకి ఫోన్ చేసే ముందే పన్నెండు నెలల కరెంటు బిల్లులు బయటికి తీయాలి. ఫోన్ చేశాక తీస్తే లాభం లేదు. అప్పటికే "మూడు కిలోవాట్లు వేసేద్దాం సార్, 78 వేలు సబ్సిడీ" అనే మాట చెవిలో పడిపోయి ఉంటుంది. ఇళ్ల మీద సోలార్‌కి సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30 వేలు, మూడో కిలోవాటుకి 18 వేలు. ఆపైన ఎన్ని పెట్టుకున్నా 78 వేల దగ్గర ఆగిపోతుంది. మన ఎండకి కిలోవాటుకి రోజుకి సగటున 4 యూనిట్లు, నెలకి 120 వస్తాయి. ఇక బిల్లులోని రేట్ల శ్లాబులు చూడండి. మేం లెక్క వేసిన ఆంధ్రప్రదేశ్ రేట్లలో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. నెలకి 350 యూనిట్లు కాల్చే ఇంటికి ఉత్త యూనిట్ల చార్జీయే 2,110 అవుతుంది. 2 కిలోవాట్లు పెడితే అందులో 240 యూనిట్లు పోయి 110 మిగులుతాయి. వాటికి కట్టేది 350 రూపాయలు. అంటే మొదటి రెండు కిలోవాట్లు నెలకి 1,760 మిగిలిస్తే, మూడోది మిగిల్చేది ఆ 350 మాత్రమే.

మాకొచ్చిన కొటేషన్లలో 2 కిలోవాట్లకి దాదాపు 1,35,000, మూడింటికి 1,95,000. సబ్సిడీ తీసేస్తే మొదటి రెండిటికీ చేతి నుంచి పడేది 75 వేలు, మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. మూడో దానికి 42 వేలు, తిరిగి రావడానికి పదేళ్లు. ఏసీ కొత్తగా పెట్టే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరు కొనే ఆలోచనో ఉంటే మూడు పెట్టొచ్చు. లేకపోతే రెండు చాలు. 14 ఇళ్లలో 10 ఇళ్లు రెండుతోనే ఆగాయి. తెలంగాణలో చుట్టాలుంటే ఇదే లెక్క వాళ్లకి చెప్పకండి. అక్కడ నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది, గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే అసలు సోలార్‌తో పనే లేదు. ఇంకో మాట: ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు సోలార్ పెట్టినా పోవు. "సున్నా బిల్లు" అన్నవాడు ఆ సంగతి చెప్పడు.

ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల మీద రాష్ట్రం తరఫున మరో 20 వేలు కలుస్తాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టే పథకం వేరే ఉంది. ఆ దారిలో కరెంటు పంపిణీ సంస్థే (డిస్కమ్) పని చేయిస్తుంది, కాబట్టి సొంతంగా దరఖాస్తు పెట్టేయకుండా ముందు దాని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులో కనుక్కోవాలి.

ఇక పేర్లు. 14 సర్వీసుల్లో తొమ్మిది పోయిన తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మేసి వెళ్లినాయన పేరు మీదో ఉన్నాయి. దరఖాస్తు సర్వీసు నంబరుకి ముడిపడుతుంది, సబ్సిడీ బ్యాంకు ఖాతాకి పడుతుంది. ఈ రెండు చోట్లా మనిషి ఒకరే అని కనిపించాలి. బిల్లు మీద ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో పేరు ముందుండి ఇంటిపేరు చివర ఉండటం మన దగ్గర మామూలే. అక్కడే దరఖాస్తు వెనక్కొస్తుంది. పేరు మార్పుకి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటిపన్ను రసీదు, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం పట్టుకెళ్లాం. వారసుల సంతకాలంటే హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య, బెంగళూరులో ఉన్న చెల్లెలు. సంక్రాంతికి వాళ్లొచ్చే దాకా రెండు ఇళ్లు ఆగాయి. పేరు మార్పు పూర్తయ్యాకే పోర్టల్‌లో రిజిస్టర్ చేయండి. మధ్యలో మారిస్తే మళ్లీ మొదటికే.

దరఖాస్తు పెట్టడం మాత్రం గంట పని. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కమ్, సర్వీసు నంబరు, మొబైలు ఇచ్చి ఒక తాజా బిల్లు ఎక్కించాలి. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన కోసం ఆగక్కర్లేదని 2024లో నిబంధన మార్చారు. పాత సర్వీసుల్లో శాంక్షన్డ్ లోడు, అంటే ఆ ఇంటికి మంజూరైన వాడక పరిమితి, 1 కిలోవాటే ఉంటుంది. పెట్టే ప్లాంటుకి తగ్గట్టు దాన్ని పెంచుతారు, ఆ తేడా డబ్బు ఎంతో ముందే అడిగి పెట్టుకోండి. తరువాత పోర్టల్‌లో నమోదైన వెండర్లలో ఒకరిని ఎంచుకుని ఒప్పందం ఎక్కించాలి. ఐదేళ్ల నిర్వహణ ఒప్పందంలో రాసి ఉండాలి. మేం అడిగి మరీ రాయించినది ఇంకొకటి: సబ్సిడీకి ఒప్పుకునేది దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లు మాత్రమే కాబట్టి, ఆ సర్టిఫికెట్ సరుకుతో పాటే చేతికివ్వాలని. ఒక ఇంటికి దిగిన ఆరు ప్యానెళ్లలో రెండింటి నంబర్లు సర్టిఫికెట్‌లో లేవు. కిందే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. నంబరు స్టిక్కరు ప్యానెల్ వెనక ఉంటుంది. బిగించాక దాన్ని చూడాలంటే ఫ్రేము కింద వెల్లకిలా పడుకోవాలి. అందుకే ప్యానెల్ మెట్లెక్కే ముందే ఒక్కోదానికీ ఫోటో.

నీడ సంగతి డాబా ఎక్కి చూస్తేనే తెలుస్తుంది. 540 వాట్ల ప్యానెల్ సుమారు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు. రెండు కిలోవాట్లకి నాలుగు, మూడింటికి ఆరు. చోటు దాదాపు అందరికీ ఉంది, నీడ లేని చోటు కొందరికే ఉంది. దీనికి సగం కారణం వాస్తు. వాటర్ ట్యాంకు నైరుతిలోనే కట్టిస్తాం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు కాబట్టి మధ్యాహ్నం నుంచి ట్యాంకు నీడ ఈశాన్యం వైపు, అంటే సరిగ్గా డాబా నడిమీదకి పడుతుంది. మా అక్షాంశంలో డిసెంబరు నెలాఖరున మధ్యాహ్నం మూడింటికి నీడ పొడవు వస్తువు ఎత్తుకి 1.7 రెట్లు. డాబా మీద నుంచి పది అడుగుల ఎత్తున్న ట్యాంకు నీడ 17 అడుగులు పాకుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో సిరీస్‌గా కలుపుతారు కాబట్టి ఒక దాని మీద పడ్డ నీడ ఆ ఒక్కదానితో పోదు. వేసవిలో కొలతలకొచ్చిన కుర్రాడికి ఈ నీడ కనిపించదు. డిసెంబరు దాకా ఆగక్కర్లేదు, ఎత్తు కొలిచి 1.7తో గుణిస్తే చాలు. పక్కింటి కొబ్బరిచెట్టుకీ ఇదే లెక్క. ఒక ఇంట్లో ట్యాంకుని కదిలించలేక ఫ్రేమునే ఏడు అడుగుల ఎత్తున కట్టించాం.

ఎత్తు ఫ్రేము అందరూ అడుగుతారు. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, బట్టలు ఆరేయడానికి డాబా మిగలాలి కదా. తప్పు లేదు, కానీ ఎత్తు పెరిగితే గాలి పట్టు పెరుగుతుంది. కోస్తాలో గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు లెక్కగట్టి కట్టాలని ప్రమాణాలు చెబుతున్నాయి. కాళ్ల మధ్య అడ్డ కమ్మీలు లేని ఫ్రేము ఒప్పుకోకండి. స్థానిక వెల్డింగ్ షాపులో పెయింటు వేసిన ఇనుప పైపుతో చౌకగా అవుతుంది, రెండో వానాకాలానికి వెల్డింగ్ దగ్గర తుప్పు మొదలవుతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన పైపు, 80 మైక్రాన్ల పూత, బోల్టు బిగింపు, ఇవీ మేం పట్టుబట్టినవి. శ్లాబుకి బెజ్జాలు కొట్టనివ్వలేదు. అడుగు చదరం, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటిలోనే బోల్టులు పాతించి, వారం రోజులు తడిపాకే ఫ్రేము నిలబెట్టాం. పిట్టగోడ కిందున్న బీము మీదకి వచ్చేలా దిమ్మెలు పోస్తే ఇంకా మంచిది.

వైరింగులో చూసుకోవాల్సింది తక్కువే, కానీ అవి తప్పితే ఇబ్బంది పెద్దది. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటుకి 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబులే వాడాలి, ఇంటి వైరు ఎండకి రెండేళ్లలో పెళుసుబారుతుంది. ఎర్త్ గుంతలు మూడు ఉండాలి: డీసీ, ఇంటి కరెంటైన ఏసీ, పిడుగు కడ్డీ దేనికదే. చాలామంది రెండు తవ్వి మూడు అంటారు, దగ్గరుండి లెక్కపెట్టండి. ప్యానెళ్లని కలిపే ప్లగ్గులు డాబా మీద పడి ఉండకూడదు, ఫ్రేముకి కట్టేయాలి. ఒక ఇంట్లో వాన పడ్డ మర్నాడల్లా సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె) పొద్దున్నే ఎర్ర లైటుతో ఇన్సులేషన్ తప్పు చూపించి, పదింటికి దానంతటదే బాగయ్యేది. ప్లగ్గు నీటి గుంటలో పడి ఉంది, ఎండ ఎక్కి ఆరగానే కరెంటు మొదలయ్యేది. ఎండలో ప్లాంటు నడుస్తుండగా ఆ ప్లగ్గులు ఎవరూ ఊడదీయకండి. ఆరు ప్యానెళ్ల వరసలో 250 వోల్టుల డీసీ ఉంటుంది, ఊడదీస్తే నిప్పు గీత లేస్తుంది.

కోతులు మాకు వెండరు చెప్పని సమస్య. ప్యానెల్ గాజు వాటి బరువు మోస్తుంది, కింద వేలాడే కేబులుని మాత్రం ఊయలగా పట్టుకుంటాయి. పైపులో వేసి బిగిస్తే ముట్టుకోవడం మానేశాయి.

నెట్ మీటరు, అంటే ఇంట్లోకి వచ్చిన కరెంటునీ మనం బయటికి పంపినదాన్నీ విడివిడిగా లెక్కించే మీటరు, బిగించే దాకా ఇన్వర్టరు ఆన్ చేయకూడదు. ఈ ఒక్క మాటా బోర్డు మీద సుద్దతో రాసి పెట్టుకోవచ్చు. మామూలు మీటర్లలో చాలావాటికి కరెంటు వచ్చిందో వెళ్లిందో తేడా తెలియదు, దొంగతనం పట్టుకోవడానికి రెంటినీ వాడకంగానే లెక్కించేలా పెట్టి ఉంటాయి. ఒక ఇంట్లో ఆత్రం ఆపుకోలేక పది రోజులు ముందే ఆన్ చేశారు, బయటికి పంపిన యూనిట్లన్నీ బిల్లులో వాడకంగా వచ్చాయి. మీటరు పెట్టిన రోజునే డిస్‌ప్లేలో ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రెండు అంకెలూ ఫోటో తీసుకోవాలి. మొదటి బిల్లులో ఎక్స్‌పోర్టు కాలమ్ ఉందో లేదో చూడాలి. మా మూడు సర్వీసులకి మీటరు మారింది గానీ బిల్లింగు కంప్యూటరులో నెట్ మీటరింగ్‌గా మారలేదు. ఫోటో చూపిస్తే మరుసటి నెల సరిచేశారు. సబ్సిడీ కోసం బ్యాంకు వివరాలు పంపాల్సింది ప్లాంటు నడకలోకి వచ్చిందని చెప్పే కమిషనింగ్ రిపోర్టు పోర్టల్‌లో కనబడ్డాక. అది ఎవరూ గుర్తుచేయరు, మనమే లోపలికెళ్లి నొక్కాలి.

వీధి చివరి మూడు ఇళ్లలో కొత్త చిక్కు. ఎండ బాగున్నప్పుడే, పదకొండు నుంచి రెండు దాకా, ఇన్వర్టర్లు ఆగిపోయేవి. డిస్‌ప్లేలో వోల్టేజి 258, 260. ప్యానెళ్లలో తప్పేమీ లేదు. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. స్తంభం నుంచి ఇంటికి 40 మీటర్లు 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు. అటూ ఇటూ 80 మీటర్ల తీగలో దాదాపు ఒక ఓమ్ నిరోధం, కాబట్టి కరెంటు బయటికి తోయడానికి ఇంటి దగ్గర 12 వోల్టులు అదనంగా పెరగాలి. స్తంభం దగ్గరే 247 ఉంటే ఇంట్లో 259 అవుతుంది, హద్దు దాటిన వోల్టేజికి ఇన్వర్టరు భయపడి ఆగుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగిస్తే ఆ పెరుగుదల 3 వోల్టులకి దిగింది. స్తంభం మీద న్యూట్రల్ జాయింటు కూడా లైన్‌మ్యాన్ చేత కొత్తగా వేయించాం. మీటరు కొలతలకి వచ్చినప్పుడే ఈ వైరు మందం చూసి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని ఇంటింటికీ ముందే చెప్పాం, అయినా మొదటి కోతప్పుడు అందరూ ఫోన్ చేశారు. లైను మీద పనిచేసే మనిషికి మన డాబా నుంచి షాకు కొట్టకూడదని ఇన్వర్టరు అలా ఆగుతుంది, అది తప్పు కాదు. పాత బ్యాటరీ ఇన్వర్టరు ఉంటే దాన్ని అలాగే ఉంచుకోండి.

బడి లెక్క వేరు. సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, బడికి రాదు. పూర్వ విద్యార్థుల చందాతో, విద్యాకమిటీ తీర్మానంతో 5 కిలోవాట్లు పెట్టాం. 8 గదుల్లో 24 ఫ్యాన్లు, 16 ట్యూబులు, 10 కంప్యూటర్లు కలిపి నడిచేటప్పుడు 3 కిలోవాట్లు. బడి వాడకమంతా ఎండ ఉన్నప్పుడే, అది ఇళ్లకి లేని సుఖం. కానీ ఎండలు ముదిరి, సెలవులు మొదలయ్యే ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా రోజుకి 20 యూనిట్లు తినేవాళ్లు లేరు. అంటే సెలవుల్లో దాదాపు వెయ్యి యూనిట్లు. బ్యాటరీల ప్లాంటు పెట్టమని ఒక వెండరు గట్టిగా చెప్పాడు, వద్దన్నాం. సెలవుల్లో బ్యాటరీ నిండి కూర్చుంటుంది, ఆ వెయ్యి యూనిట్లు గాల్లో కలుస్తాయి, నీళ్లు పోసేవాళ్లు లేక బ్యాటరీలు ఎండుతాయి. నెట్ మీటరుంటే అవి జమ పడతాయి. పాత ఫ్యాన్లు 70 వాట్లవి, బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లలో తిరుగుతాయి. 24 ఫ్యాన్లూ ఒకేసారి మారిస్తే అయ్యే ఖర్చు దాదాపు ఒక కిలోవాటు సోలార్ ఖర్చుతో సమానం, ఆదా కూడా ఏడాది మొత్తం మీద ఇంచుమించు అంతే. అందుకని పాడైనది పాడైనట్టు మారుస్తున్నారు.

డాబా మెట్లకి తాళం వేయించాం, క్రికెట్ బంతి కోసం పిల్లలు ఎక్కకుండా. పదిహేను రోజులకోసారి పొద్దున ఏడు లోపల మెత్తటి గుడ్డతో కడగాలి. కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు, సబ్బుపొడి వాడకూడదు, ఉప్పు బోరు నీళ్లయితే తెల్ల మరకలు కడతాయి కాబట్టి వెంటనే తుడిచేయాలి. ఇన్వర్టరు పక్కన గోడకి ఒక నోటుపుస్తకం వేలాడదీశాం, ప్రతి సోమవారం పదో తరగతి పిల్లలు రీడింగు రాస్తారు. ఎండ ఉండీ రోజుకి 20 రావాల్సిన చోట 15కి పడితే ముందు దుమ్ము, తరువాత కొత్తగా పెరిగిన చెట్టు కొమ్మ, ఆ తరువాతే ప్లగ్గులు చూడమని ఆ పుస్తకం అట్ట లోపల రాసి పెట్టాం.