కురిటిబా ఎర్ర బస్సు వెంట

బ్రెజిల్ దక్షిణాన ఉన్న కురిటిబాలో నేను ముందుగా పనోరమిక్ టవర్ ఎక్కాను. పైనుంచి చూస్తే ఎత్తైన భవనాలు బారులు తీరి ఊరి మధ్య నుంచి దూరంగా సాగిపోతుంటాయి. ఆ బారుల వెంటే బస్సు రూట్లు. ఎత్తు కట్టడాలకు అనుమతి ఎక్కువగా ఆ దారుల పక్కనే ఇచ్చారు కాబట్టి, జనం ఎక్కువున్నచోటే బస్సూ ఉంది. మేయర్ జైమీ లెర్నర్ హయాంలో 1974లో మొదలైన పద్ధతి ఇది. రోడ్డు నడుమ బస్సులకే రెండు వరసలు, వాటికి అటూ ఇటూ చుట్టుపక్కల వాళ్ల వాహనాలకు నెమ్మది దారి. వేగంగా పోయే కార్లకు పక్క వీధులు.

కిందికి దిగి బస్టాపుకు వెళ్తే అదొక గాజు గొట్టం. 1991 నుంచి ఉన్నాయివి. మెట్లెక్కి లోపలికి పోయేటప్పుడే ఛార్జీ కట్టేస్తాం. వీల్‌చైర్‌కు పక్కనే చిన్న లిఫ్టు. గొట్టం నేల, బస్సు నేల ఒకే ఎత్తు. బస్సు ఆగగానే తలుపుల దగ్గరి పలకలు గొట్టం అంచు మీదికి వాలి సందు మూసేస్తాయి. అందుకే డ్రైవరు తలుపుకు తలుపు ఎదురుగా వచ్చేట్టు ఆపాలి, కాస్త ముందుకో వెనక్కో అయితే కుదరదు.

ఇంత ఏర్పాటూ సెకన్ల కోసమే. ఒకే తలుపు దగ్గర టికెట్ తీసుకుంటూ ఎక్కితే, మనిషికి 3 సెకన్లు వేసుకున్నా 40 మందికి 2 నిమిషాలు. అదే 40 మంది 5 తలుపుల దగ్గరికి సర్దుకుంటే తలుపుకు 8 మంది, టికెట్ పనీ లేదు, పది సెకన్లు చాలు. 20 స్టాపులున్న రూటులో అరగంటకు పైగా మిగులుతుంది. కొత్త ఫ్లైఓవరు కట్టినా బస్సుకు ఇంత సమయం కలిసిరావడం కష్టమని నా గట్టి నమ్మకం.

1992లో వచ్చిన, మలుపుల్లో రెండుచోట్ల మడతపడే పొడవాటి ఎర్ర బస్సులో 270 మంది పడతారు. నిమిషానికొకటి చొప్పున నడిస్తే గంటకు ఒకవైపు 16,200 మంది. చిక్కంతా ఇక్కడే. ఒక బస్సు కాస్త ఆలస్యమైతే ముందు స్టాపులో జనం పెరుగుతారు, ఎక్కించుకోవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తక్కువ, అది వచ్చి దీన్ని అందుకుంటుంది. ఒకే వరస కాబట్టి దాటిపోలేదు. రెండూ జంటగా వస్తాయి, తర్వాత చాలాసేపు ఏదీ రాదు. బస్సుల సంఖ్య పెంచితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది.

దీనికి మందు అదే ఊళ్లోని బొకెయిరావు అనే బస్సు దారిలో కనిపించింది. అటు వెళ్లే గొట్టం, ఇటు వచ్చే గొట్టం ఎదురెదురుగా కాకుండా కొంత దూరంగా జరిపారు. అలా మిగిలిన జాగాలో దాటుకునే వరస పడింది. ఎర్ర బస్సు గొట్టానికి ఆని జనాన్ని ఎక్కించుకుంటుండగా, తక్కువ స్టాపుల్లో ఆగే నీలం బస్సు పక్కనుంచి సాగిపోయింది.