కొట్టేసిన అంకె కూడా కనబడాలి

మన స్కూల్ బ్యాచ్‌లో చాలామందికి మా తాతయ్య గుర్తుండే ఉంటారు. ప్రాక్టికల్ పరీక్షల ముందు మా ఇంటికొచ్చి, ఆయన చుట్టూ కూర్చుని డౌట్లు అడిగినవాళ్లు మీలో ఎంతోమంది. పోయినేడు ఆయన కన్నుమూశారు. ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ఆయన తప్ప మరొకటి తోచలేదు.

ఆయన ఉద్యోగమంతా ఒక కర్మాగారం ల్యాబ్‌లో గడిచింది. లోపలికొచ్చే ముడిసరుకునూ బయటికెళ్లే సరుకునూ పరీక్షించి, పనికొస్తుందో రాదో తేల్చి సంతకం పెట్టే పని. ప్రమోషన్ల గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు. రసాయనాల గురించైతే ఎంతసేపైనా చెప్పేవారు.

పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్, అదే, ఒక ద్రావణంలో మరోదాన్ని చుక్కచుక్కగా వేసి కొలిచే పరీక్ష, గుర్తుందా? ఫ్లాస్క్‌ను 60, 70 డిగ్రీల దాకా వేడిచేసినా మొదటి చుక్కల రంగు ఓ పట్టాన పోదు. ఆ తర్వాతవి పడీపడగానే మాయమైపోతాయి. ఎందుకని అడిగాను. "చర్య జరిగేకొద్దీ మాంగనీస్ అయాన్లు పుడతాయి. అవే ఉత్ప్రేరకంగా మారి చర్యను తొందరపెడతాయి. కాబట్టి మొదటి చుక్క రంగు పోయేదాకా ఆగు, రెండోది వెయ్యకు" అన్నారు. ద్రావణం ముదురు రంగులో ఉంటే బ్యూరెట్‌లో, అంటే చుక్కలు వదిలే కొలత గొట్టంలో, ద్రవం పైమట్టం అడుగు వంపు కనబడదు, పై అంచు దగ్గరే రీడింగ్ తీసుకోవాలని చెప్పిందీ ఆయనే. సోడియం హైడ్రాక్సైడ్‌ను ఎంత జాగ్రత్తగా తూచినా ఆ తూకాన్ని నమ్మొద్దనేవారు. అది గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. "తూచేలోపే సరుకు మారిపోతుంటే పాపం త్రాసు ఏం చేస్తుంది?" అని నవ్వేవారు.

అయితే ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య రికార్డు రాయడం. రీడింగులు కలవకపోతే కలిసేదాకా మళ్లీ చెయ్యాలి తప్ప 20.7ని 20.3 చెయ్యకూడదు. తప్పు రాస్తే రబ్బరు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక్క గీత గీసి పక్కన సరైనది రాసి తేదీ వెయ్యమనేవారు. కొట్టేసిన అంకె కూడా కనబడాలి. "చెరిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో రేపు నీకే తెలీదు" అనేవారు.

నానమ్మ చెప్పిన సంగతి ఒకటుంది. ఒకసారి తాతయ్య తిప్పికొట్టిన సరుకును ఎలాగైనా పాస్ చెయ్యమని పైవాళ్లు ఒత్తిడి చేశారట. ఆయన వాదన పెట్టుకోలేదు. వాళ్లను ల్యాబ్‌లో నిలబెట్టి, వాళ్ల కళ్లముందే పరీక్ష మళ్లీ చేశారు. మొదటిసారి వచ్చిన ఫలితమే వచ్చింది. అదే రాసి సంతకం పెట్టారు. ఆ రోజుల్లో ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉండేదో నానమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆయన మాత్రం దాన్ని గొప్పగా ఎన్నడూ చెప్పుకోలేదు.

మూలకాల ఆవర్తన పట్టిక తయారుచేసిన రష్యన్ శాస్త్రవేత్త మెండలీవ్ అంటే ఆయనకు ప్రాణం. 1869 నాటి పట్టికలో తెలియని మూలకాల చోట్లను ఖాళీగా వదిలిన ధైర్యం గురించి ఎన్నిసార్లు చెప్పారో! సిలికాన్ కింద ఉండాల్సిన మూలకం పరమాణు భారం 72 దాకా ఉంటుందని మెండలీవ్ ముందే అంచనా వేశాడు. 1886లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ ఆ మూలకాన్నే, జెర్మేనియంను కనుక్కుంటే అది 72.6కి దగ్గరగా తేలింది. ఆ రెండు అంకెలూ చెప్పేటప్పుడు తాతయ్య గొంతు మారిపోయేది, సొంత మనవడు ఫస్టొచ్చినట్టు.

చివరి రోజుల్లో చూపు మందగించాక, తను సొంతానికి రాసుకున్న నోటుపుస్తకాలను నాచేత చదివించుకునేవారు. పేజీ మధ్యలో ఆపి, "అక్కడ ఒక కొట్టివేత ఉండాలి చూడు" అనేవారు. ఉండేది.

ఆ నోటుపుస్తకాలను మన సమావేశానికి తెస్తున్నాను. మాస్టార్లు ఒప్పుకుంటే స్కూల్ ల్యాబ్‌లోనే ఉంచేద్దాం. అద్దాల బీరువాలో మాత్రం వద్దు, పిల్లలు తిరగేసి చూడాలి. తాతయ్య గురించి మీకు గుర్తున్నవి ఏమున్నా ఆ రోజు నాకు చెప్పండి. నానమ్మకు వినిపిస్తాను.