ఏరియస్ వైపు కూర్చుని చదివాకే నాకు ఆ పేపర్ అర్థమైంది

బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువుతూ సెరంపూర్ సెనేట్ పరీక్షలకు సిద్ధమవుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వందనాలు. యేసు దేవుడా, వాక్యం అంటే ఎవరు, నైసియా సభ ఏం తేల్చింది అనే పాఠం గురించి రాస్తున్నాను. మొదటిసారి నా వేదాంతం పేపర్ పోయింది ఈ పాఠం దగ్గరే. రెండోసారి మంచి మార్కులు వచ్చిందీ ఇక్కడే. మధ్యలో ఏం మారిందో చెబితే మీలో కొందరికైనా పనికొస్తుందని నా ఆశ.

మొదటిసారి నేను చదివిన పద్ధతి ఇది. నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీసుకున్నాను. ఎడమవైపు దుర్బోధ పేరు, పక్కన బోధకుడి పేరు, తర్వాత దాన్ని ఖండించిన సభ, సంవత్సరం. ఏరియస్, నైసియా, 325. అపొల్లినారియస్, కాన్‌స్టాంటినోపుల్, 381. నెస్టోరియస్, ఎఫెసు, 431. అన్నీ కంఠతా వచ్చేశాయి. పరీక్షలో ప్రశ్న మాత్రం "ఏరియస్ వాదానికి ఉన్న ఆకర్షణ ఏమిటి? నైసియా జవాబు ఎంతవరకు సరిపోయింది?" అనే ధోరణిలో వచ్చింది. ఆకర్షణ అనే మాట చూడగానే చెయ్యి ఆగిపోయింది. కుమారుడు కూడా సృష్టి అయినవాడే అన్న ఏరియస్ తప్పు అని తెలుసు. ఎందుకు అంతమంది అతని వెంట వెళ్లారో నన్ను నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు. నాలుగు పేజీలు ప్రసంగం లాగా రాసి వచ్చేశాను.

రెండోసారి చదవడం మొదలుపెట్టినప్పుడు ఒక నెలపాటు ఏరియస్ వైపే కూర్చోవాలని నిర్ణయించుకున్నాను. మీరు కూడా ఇది చేయండి. అతను అలెగ్జాండ్రియాలో బౌకాలిస్ అనే చోట సంఘ పెద్ద. బిషప్ పేరు అలెగ్జాండర్. 318 ప్రాంతంలో ఇద్దరి మధ్య తగాదా మొదలైంది. ఏరియస్ చెప్పింది వింటే మొదట న్యాయంగానే అనిపిస్తుంది. దేవుడు ఒక్కడే. ఆయనకు ఆరంభం లేదు, ఆయన్ను ఎవరూ కనలేదు. కుమారుడు అంటే జనించినవాడు. జనిస్తే ఆరంభం ఉన్నట్టే కదా? ఆరంభం లేనివాళ్లు ఇద్దరుంటే దేవుళ్లు ఇద్దరవుతారు కదా? పైగా అతని చేతిలో వచనాలున్నాయి. సామెతలు 8:22లో జ్ఞానం "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది. కొలొస్సయులకు రాసిన పత్రిక 1:15లో "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అని ఉంది. యోహాను 14:28లో యేసే స్వయంగా "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నాడు.

ఏరియస్ యేసును మామూలు మనిషి అనలేదు. ఇక్కడ చాలామంది పొరబడతారు, జవాబు పత్రాల్లో కూడా అలాగే రాస్తారు. అతని దృష్టిలో కుమారుడు లోకాలన్నిటికంటే ముందున్నవాడు, లోకం ఆయన ద్వారానే కలిగింది. ఆయన సంపూర్ణమైన సృష్టి, కానీ మిగతా సృష్టిలో ఒకడు కాదు. ఆయన్ను ఆరాధించాలి కూడా. ఒక్కటే తేడా: "ఆయన లేని ఒకప్పుడు ఉంది." గ్రీకులో ఈ వాక్యంలో కాలం అనే పదం ఎక్కడా లేదు. కాలం కూడా కుమారుడి ద్వారానే కలిగిందని ఏరియస్‌కు తెలుసు, అందుకే జాగ్రత్తపడ్డాడు. ఈ ఒక్క సంగతి గమనించి రాస్తే మీరు మూలం దాకా వెళ్లి చదివారని దిద్దేవారికి తెలిసిపోతుంది. ఇంకో సంగతి, తన బోధను అతను పాటలుగా కట్టాడు. ఓడ నడిపేవాళ్ల కోసం, తిరగలి విసిరేవాళ్ల కోసం పాటలు రాశాడని అతన్ని అభిమానించిన చరిత్రకారుడే చెప్పాడు. మన సంఘాల్లో పాట ఎంత లోతుకు వెళ్తుందో మనకు వేరే చెప్పాలా!

నిజం చెబుతున్నాను, ఆ నెల చివర్లో నాకు భయం వేసింది. ఇతనికి జవాబు చెప్పలేనేమో అనిపించింది. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం చెప్పిన విశ్వాస ప్రమాణం నోట్లో ఆడడం లేదు. ఆ టెన్షన్ వచ్చే వరకు చదవండి. అది వచ్చాకే ఏరియస్‌కు జవాబు చెప్పిన అథనేసియస్ దగ్గరికి వెళ్లండి.

అప్పుడే ఒక రాత్రి హాస్టల్లో గ్రీకు కొత్త నిబంధన తీసి యోహాను 1:1 ఒక్కటే ముందు పెట్టుకున్నాను. మొత్తం 17 పదాలు. పెన్సిలుతో ఒక్కో పదం కింద గీత గీసుకుంటూ వెళ్లాను. "లోగోస్" ముందు ప్రతిసారీ "హో" అనే ఉపపదం (ఇంగ్లీషులో the లాంటిది) ఉంది. "దేవునియొద్ద" అన్నచోట దేవుడి ముందు కూడా ఉపపదం ఉంది. మూడో భాగానికి వచ్చేసరికి "థెయోస్" ముందు ఏమీ లేదు. మన తెలుగు బైబిల్లో "వాక్యము దేవుడై యుండెను" అని చదువుకుంటూ పోతాం. తెలుగులో అలాంటి ఉపపదమే లేదు కాబట్టి ఈ గొడవ మన కంటికి కనబడదు. కానీ శతాబ్దాల చర్చ ఆ ఖాళీ చుట్టూ తిరిగింది. ఉపపదం ఉండి ఉంటే వాక్యమూ తండ్రీ ఒకే వ్యక్తి అనే అర్థానికి దారి తీసేది, అది సబెల్లియస్ చెప్పిన మాట. లేదు కాబట్టి "ఒక దేవుడు" అనాలని యెహోవాసాక్షుల ఇంగ్లీషు అనువాదం అంటుంది. అదే అధ్యాయంలో 6వ వచనంలో, 18వ వచనంలో కూడా ఉపపదం లేకుండానే "దేవుడు" అని ఉంది. అక్కడ "ఒక దేవుడు" అని ఎవరూ అనరు. తండ్రి ఎవరో వాక్యం ఆ వ్యక్తి కాదు, కానీ తండ్రి ఏమై ఉన్నాడో వాక్యమూ అదే అయి ఉన్నాడు. ఆ 17 పదాల్లో అంత జాగ్రత్త ఉందని చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మనకు వాక్యం అంటే బైబిలు, లేదా ప్రసంగం. "ఈరోజు వాక్యం ఎవరు చెబుతున్నారు?" అని అడుగుతాం. లోగోస్‌లో మాటతో పాటు బుద్ధి, లోకాన్ని నడిపే హేతువు అనే అర్థాలు కూడా ఉన్నాయి. అలెగ్జాండ్రియాలోనే యూదుడైన ఫిలో, తర్వాత జస్టిన్ మార్టర్, ఒరిజెన్ ఈ పదాన్ని ఎలా వాడారో ఒక పేజీ నోట్స్ రాసుకుంటే చాలు, అంతకంటే లోతుకు వెళ్లక్కర్లేదు. రెండో వచనం మాత్రం వదలకండి. "వాక్యము" అన్న మనవాళ్లు వెంటనే "ఆయన ఆదియందు దేవునియొద్ద ఉండెను" అన్నారు. అది అనలేదు, ఆయన అన్నారు. మన అనువాదకులు ఎవరి పక్షాన నిలబడ్డారో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇక నైసియా. ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించాడు. సంప్రదాయం 318 మంది బిషప్పులంటుంది. మీరు రాయాల్సింది హోమోఊసియోస్ (ఒకే తత్వం గలవాడు) అనే గ్రీకు పదం ఎందుకు అవసరమైందో. బిషప్పులు ముందు బైబిలు మాటలతోనే తేల్చాలని చూశారు. కుమారుడు "దేవునివలన" వచ్చినవాడు అన్నారు. అవతలి పక్షం వాళ్లు ఒకరికొకరు కన్నుగీటుకుని ఒప్పేసుకున్నారట, "సమస్తమును దేవునివలననైనవి" అని పౌలు రాశాడు కదా అని. ఇది అథనేసియస్ చెప్పిన కథనం, అతనప్పుడు అలెగ్జాండర్ వెంట వచ్చిన డీకన్. ఏ బైబిలు మాట పెట్టినా జారిపోతుంటే, బైబిల్లో లేని మాట పెట్టాల్సి వచ్చింది: తండ్రితో ఒకే తత్వం గలవాడు. ఈ పదానికి ఇబ్బందులూ ఉన్నాయి, అవీ రాయండి. లేఖనంలో లేదు. సబెల్లియస్ వాసన వస్తుందని చాలామంది భయపడ్డారు. అందుకే చివరికి ఇద్దరు బిషప్పులే ఏరియస్‌తో వెళ్లినా, సంతకం పెట్టిన అందరి మనసూ ఒక్కటి కాదు.

325 నుంచి 381 దాకా జరిగింది క్లుప్తంగా రాస్తే చాలు. అథనేసియస్ 328లో బిషప్ అయి 45 ఏళ్లలో ఐదుసార్లు బహిష్కరణకు గురయ్యాడు, దాదాపు 17 ఏళ్లు ఊరికి దూరంగా గడిపాడు. నైసియా సభను పిలిపించిన చక్రవర్తే 337లో చనిపోయే ముందు ఏరియస్‌కు అండగా నిలిచిన బిషప్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. బసిలు, నిస్సా గ్రెగరీ, నజియాంజస్ గ్రెగరీ అనే ముగ్గురు బిషప్పులు "తత్వం ఒకటి, వ్యక్తులు ముగ్గురు" అనే భాషను స్థిరపరిచారు. నిస్సా గ్రెగరీ చెప్పిన ఒక ముచ్చట పరీక్షలో తప్పకుండా వాడండి. కాన్‌స్టాంటినోపుల్ బజారులో చిల్లర అడిగితే జనించినవాడు, జననం లేనివాడు అంటూ తత్వం చెబుతారట. రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువ అంటారట. ఏరియస్ ఆకర్షణ గురించి అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఆ రొట్టెల కొట్టు దగ్గరే ఉంది.

అథనేసియస్ వాదన నాకు పట్టుబడింది రక్షణ దగ్గర. సృష్టి అయినవాడు సృష్టిని దేవునితో కలపలేడు, అతనికే ఇంకొకరు కావాలి. సృష్టిని ఆరాధిస్తే అది విగ్రహారాధన, మరి ఏరియస్ పక్షం వాళ్లు కుమారుణ్ణి ఆరాధిస్తూనే ఉన్నారు. సూర్యుడు ఉండి వెలుగు లేని క్షణం ఉండదు, తండ్రి ఉండి కుమారుడు లేని ఒకప్పుడూ ఉండదు. నా జవాబును ఈ మూడు మాటల మీద నిలబెట్టాను, సంవత్సరాలు వాటి చుట్టూ వచ్చాయి. చివర్లో మన భారతీయ వేదాంతి అప్పాసామిని కూడా తెచ్చాను. "నేనును తండ్రియును ఏకమైయున్నాము" అన్నదాన్ని ఆయన తత్వంలో ఐక్యతగా కాక ప్రేమలో, చిత్తంలో ఐక్యతగా చదివాడు. నేను దానితో ఏకీభవించనని, కారణం ఇదని రాశాను. ఏకీభవించకపోతే భయపడకుండా రాయండి, కారణం మాత్రం చూపించండి.

ప్రిపరేషన్ మధ్యలో వారాంతపు పరిచర్యకు ఒక పల్లె సంఘానికి వెళ్లేవాణ్ణి. అక్కడ ఒక పెద్దావిడ ఆరాధన అయ్యాక బైబిలు పట్టుకుని వచ్చి, "అయ్యగారూ, తండ్రి నాకంటె గొప్పవాడు అన్నాడు గదా, మరి ఇద్దరూ సమానం ఎట్లా అయితారు?" అని అడిగింది. అప్పటికి నేను ఏరియస్ వైపే ఉన్న నెల అది. వచ్చే వారం చెబుతానమ్మా అన్నాను. మూడు వారాలు చెప్పలేకపోయాను. నాలుగో వారం చాప మీద ఆవిడ పక్కన కూర్చుని, కుమారుడు మన కోసం తగ్గినప్పుడు పలికిన మాట అది అని చెప్పడం మొదలుపెట్టాను. నేను పూర్తి చేయకముందే ఆవిడ పేజీలు తిప్పి ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయం తీసింది. వేలితో ఆ వరుస పట్టుకుని "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని పైకి చదివి, "ఇదేనా అయ్యా?" అని అడిగింది. ఇదేనమ్మా అన్నాను.