సూర్యలంక వెళ్దామని బయల్దేరి ఆటోనగర్‌లో తేలాం

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ అక్కడ గడిపిన రెండు రోజుల్లో చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. నీళ్లు వెచ్చగా ఉన్నాయి, రొయ్యల వేపుడు బాగుంది, గదులు మాత్రం శనివారం కదా అని రెట్టింపు చెప్పారు, మాకు గది అవసరం లేదు కాబట్టి నవ్వుకుని వచ్చేశాం. నాకు గుర్తుండిపోయింది దానికి ముందు రోజు. మే నెల ఎండలో, బెజవాడ ఆటోనగర్‌లో, ఒక టైరు మీద రాసి ఉన్న అంకెలు చదవడం నేర్చుకుంటూ గడిచిపోయిన రోజు.

గది ఎందుకు అవసరం లేదంటే మా దగ్గర ఒక చిన్న ట్రావెల్ ట్రైలర్ ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే గది అనుకోండి. లోపల ఒక మంచం, పొయ్యి, సింకు, ఎడమ పక్కన నీళ్ల ట్యాంకు, దాని పక్కనే బ్యాటరీ. ఒకే యాక్సిల్, రెండే చక్రాలు. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పట్టక పక్క ఖాళీ స్థలంలో నెలకు రెండు వేలు అద్దె కట్టి నిలబెడతాను, ఏడాదికి మూడుసార్లు బయటికి తీస్తే గొప్ప. రోడ్డు మీద చూసినవాళ్లు ఐస్‌క్రీమ్ బండా అంటారు, ప్రచార రథమా అంటారు. దారిలో ఒక టోల్‌గేటు దగ్గర కుర్రాడు యాక్సిళ్లు వేలితో లెక్కపెట్టి ఎక్కువ కట్టమన్నాడు. పది నిమిషాలు వాదించాక "ట్రైలర్‌కే ఇంత లొల్లైతే సినిమా ఎట్లుంటదో సార్" అని నవ్వాడు, రసీదు మాత్రం తన లెక్క ప్రకారమే ఇచ్చాడు.

నందిగామ దాటాం, కంచికచర్ల దాటాం. పరిటాల హనుమంతుడు కనిపిస్తున్నాడు, మావాడు కిటికీలోంచి దణ్ణం పెడుతున్నాడు, అప్పుడు మొదలైంది వెనక నుంచి డబ్ డబ్ డబ్‌మని ఎవరో తలుపు బాదుతున్నట్టు చప్పుడు. 80 దాటి నడపలేదు నేను. పక్కకు తీసి దిగి చూస్తే ఎడమ టైరు. పేలలేదు, గాలి కూడా పూర్తిగా పోలేదు, కానీ రోడ్డుకు ఆనే పైపొర మొత్తం అరటిపండు తొక్కలా ఒలుచుకుపోయి వేలాడుతోంది. చక్రం తిరిగినప్పుడల్లా అది మడ్‌గార్డును కొట్టి కొట్టి వంచేసింది, కిందున్న సింకు పైపును విరగ్గొట్టింది. రబ్బరులోంచి సన్నటి ఉక్కు తీగలు పిల్లి మీసాల్లా బయటికొచ్చి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, ఆ ఊడిపోయిన ముక్క మీద కూడా గాడులు నిక్షేపంగా ఉన్నాయి! బండి కొనేటప్పుడు గాడులు చూసే కదా, టైర్లు కొత్తగా ఉన్నాయనుకుని సంబరపడ్డాను.

మా ఆవిడ దూరంగా కనిపిస్తున్న స్వామికి చేతులు జోడించి "ఆయనే కాపాడాడు" అంది. 135 అడుగుల విగ్రహం, 2003 నుంచి ఆ హైవే మీద పోయే వాహనాలన్నింటినీ చూస్తూ ఉన్నాడు, మా బండినీ చూసే ఉంటాడు. నేను మాత్రం జాకీ కింద రాయి పెట్టడానికి రాయి వెతుక్కుంటున్నాను.

స్టెప్నీ వేసి నలభై మీద నడుపుకుంటూ ఇబ్రహీంపట్నం, గొల్లపూడి దాటి, దుర్గ గుడి కింద ఫ్లైఓవర్ మీదుగా ఊళ్లోకి వచ్చేసరికి పదకొండున్నర. ఆ ఫ్లైఓవర్ వచ్చి కొన్నేళ్లవుతున్నా ఎక్కిన ప్రతిసారీ నాకు పాత ట్రాఫిక్కే గుర్తొస్తుంది, పండగ రోజుల్లో అక్కడ గంటలు గంటలు కూర్చున్నవాళ్లం కదా.

ఆటోనగర్‌కి నేను చివరిసారి వచ్చింది ఎనిమిదో తరగతిలో, నాన్నతో. నాన్నకు ఒక పాత లారీలో సగం వాటా ఉండేది. అరిగిన టైర్లు రీబటన్ చేయించడానికి, అంటే కొత్త పైపొర వేయించడానికి వచ్చినప్పుడు నన్ను వేపచెట్టు కింద కూర్చోబెట్టి సోడా ఇప్పించేవాడు. బయల్దేరే ముందు ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చెవి పెట్టి వినేవాడు. మంచిదైతే ఖంగుమనేది, గాలి తగ్గిందైతే మొద్దుగా పలికేది. ఇప్పటికీ అదే గ్రీజు వాసన, వెల్డింగు చిటపటలు, ప్రతి కొట్టు ముందూ ఎవరో ఒకరు బండి కిందకు దూరి కాళ్లు మాత్రం బయటపెట్టి ఉండటం. వేపచెట్టు కనిపించలేదు.

మొదట అద్దాల షోరూమ్ లాంటి ఒక కొట్టుకి వెళ్లాను. ఏసీ ఉందని. కుర్రాడు పాత టైరు చూశాడు, 165/80 ఆర్ 14 అని చదివాడు, "చిన్న కార్ల సైజే సార్, స్టాక్ ఉంది, గంటలో వేసి పంపించేస్తాం" అన్నాడు. ఎందుకో అనుమానమొచ్చి టెక్సాస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఎత్తాడు, ఆయనకూ ఒక పెద్ద ట్రైలర్ ఉంది, దాని మాటెత్తితే నిద్ర గుర్తురాదు. "ఏరా, కారు టైర్లు వేసుకుని తిరుగుతున్నావా? ఎస్టీ టైర్లే వెయ్యాలిరా" అన్నాడు. ఎస్టీ అంటే స్పెషల్ ట్రైలర్ అట, అమెరికాలో ట్రైలర్లకని ప్రత్యేకంగా చేస్తారు, టైరు పక్కలు గట్టిగా ఉంటాయి, బరువు మోసినా మలుపుల్లో ఊగవు. నేను ఫోన్ చేతిలో పట్టుకునే కుర్రాణ్ణి అడిగాను, ఎస్టీ ఉన్నాయా అని. "జీఎస్టీ కలిపే చెప్పాను సార్" అన్నాడు.

అక్కణ్ణుంచి బయటపడి రెండు సందులు తిరిగితే రేకుల షెడ్డులో ఒక పెద్దాయన. బనీను, నుదుటి మీదికి ఎత్తిపెట్టిన కళ్లజోడు. టైరు సైజు అడగలేదు. "బండి బరువెంత బాబూ?" అన్నాడు. కాగితాల్లో 720 కిలోలని ఉందన్నాను. "అది ఖాళీ బండి. నీ నీళ్లు, గ్యాసు, బట్టలు, మంచం కింద అమ్మాయి సర్దినవీ ఎవరు మోస్తారు? పోయి కాటా వేయించుకురా. రెండు చక్రాలకీ విడివిడిగా."

నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. టైరు కొనడానికొస్తే కాటా ఏంటి? అయినా వెళ్లాం. కాటా మనిషి వంద తీసుకున్నాడు, ఎండకి వాడు క్యాబిన్‌లోంచి బయటికే రాలేదు, నేనే కారును ముందుకీ వెనక్కీ జరుపుతూ మొదట రెండు చక్రాలూ ఎక్కించాను, తర్వాత ఎడమ చక్రం ఒక్కటే పలక మీద ఉండేలా అంచుకి ఆనించాను. రెండూ కలిపి 1,010 కిలోలు. ఎడమ ఒక్కటే 570. అంటే కుడివైపు 440 మాత్రమే.

చీటీ చూసి పెద్దాయన కళ్లజోడు కిందికి దించుకుని పాత టైరు దగ్గర గొంతుకు కూర్చున్నాడు. వేలికి ఉమ్ము తడి చేసి మట్టి తుడిచి చూపించాడు: సైజు పక్కనే 85 టి. నేను రెండేళ్లుగా చూస్తున్న టైరే, ఆ అంకె ఒక్కసారీ చూడలేదు. 85 అంటే ఆ టైరు మోయగలిగిన బరువు, 515 కిలోలు. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం. "గంటకి నూటతొంభై పోయే టైరు నీకెందుకు? నువ్వు పోయేది డెబ్భై. నీకు కావాల్సింది మోసేది." 515 మోసే టైరు మీద 570 పెట్టి పరిటాల దాకా వచ్చానన్నమాట. బావ ఇంకా లైన్లోనే ఉన్నాడు, ఆయన ఇంకో కొరివి పెట్టాడు. కారు టైరును ట్రైలర్‌కి వేస్తే అమెరికా లెక్కలో దాని శక్తిని 1.1తో భాగిస్తారట. 515 కాస్తా 468 అయి కూర్చుంది.

"గాలి ఎంత కొట్టేవాడివి?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై ఎనిమిది."

"ఎందుకని?"

కారుకి 32 కొడతాం కదా, ట్రైలర్‌లో మనుషులు కూర్చోరు, పైగా ఎండాకాలం, తక్కువ ఉంటేనే పేలదని. ఇది నేను పైకి చెబుతున్నప్పుడే నాకు అర్థమైపోయింది తప్పని. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. గాలి తగ్గితే టైరు పక్కలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ నలుగుతాయి, నలిగినకొద్దీ లోపల వేడి పుడుతుంది, ఆ వేడికే పొరలు విడిపోతాయి, బయటి ఎండ దానికి తోడవుతుందంతే అని చెప్పి, తర్వాత అదే టైరు మీద ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు చూపించాడు. 1917. నేను ఏదో చరిత్ర అనుకున్నాను. 2017లో పందొమ్మిదో వారంలో తయారైందని అర్థం. తొమ్మిదేళ్ల టైరు. తక్కువ తిరిగింది కాబట్టి గాడులు అరగలేదు, ఖాళీ స్థలంలో ఎండకు నిలబడి నిలబడి రబ్బరు ముసలిదైపోయింది. తిరిగే టైరుకైతే రబ్బరులో కలిపిన మైనం లాంటిది పైకి ఊరుతూ కాపాడుతుందట, నిలబడిపోయిన దానికి ఆ భాగ్యం లేదు. బావ కూడా ట్రైలర్ టైర్లు అరక్కపోయినా ఐదారేళ్లకు మార్చేస్తారన్నాడు. ఒకరినొకరు ఎప్పుడూ చూడని ఆ ఇద్దరూ నా ఫోన్ స్పీకర్‌లో అప్పటికే బాగా కలిసిపోయారు, మధ్యలో నేనే పరాయివాణ్ణి.

ఎస్టీ టైర్లు పెద్దాయన దగ్గరా లేవు. "వాటి పేరెందుకు, పని చూడు" అని లోపల్నుంచి 165 ఆర్ 14 ఎల్టీ దొర్లించుకుంటూ తెచ్చాడు. ఎల్టీ అంటే లైట్ ట్రక్, చిన్న గూడ్సు బండ్లకు వేసేది. ఎనిమిది ప్లై, అంటే ఎనిమిది పొరలంత గట్టిది. మా రిమ్ముకి సరిగ్గా సరిపోతుంది, ఎత్తు దాదాపు పాతదే. దాని మీద 97/95 అని ఉంది. ఒంటి చక్రంగా వేస్తే 97, అంటే 730 కిలోలు, లారీ వెనకలా జంటగా వేస్తే ఒక్కోటి 690. మా 570కి 730 అంటే ఇంకా 160 కిలోల వెసులుబాటు. అయిదో వంతన్నా ఎక్కువ ఉంచుకోమన్నాడు బావ, ఉంది. "మా భాషలో లోడ్ రేంజ్ డి రా అది, ఎనిమిది ప్లై అన్నమాటే" అని ఆయన ఒప్పుకున్నాక నాకు మనసు కుదుటపడింది. పక్కనే నైలాన్ టైర్లు చవగ్గా కనిపించాయి. ఒకటి అది, ఒకటి ఇది వేద్దామా, స్టెప్నీకైనా నైలాన్ పెడదామా అని అడిగితే మేం తీసుకుంటున్నవి రేడియల్ టైర్లని (సైజులో ఆర్ అంటే అదే), ఒకే యాక్సిల్ మీద రేడియలూ నైలానూ కలపకూడదని, స్టెప్నీ అంటే రేపు అక్కడికి ఎక్కేదే కదా అని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

రేటు ఒక్కోటి 5,200. మూడు కావాలి. 2025 సెప్టెంబరులో టైర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఇంకా తగ్గాలి కదా అని బేరం మొదలెట్టాను. తగ్గాకే ఈ రేటన్నాడు. నాలుగంకెలు చూడటం నేర్చుకున్నాను కాబట్టి మూడింటి మీదా వెతికాను. రెండు 0826, ఒకటి 3822. నాలుగేళ్లు కొట్లో పడున్నదన్నమాట. ఇది వద్దంటే పెద్దాయన మొదటిసారి నవ్వాడు, "తొందరగానే నేర్చావే" అని కుర్రాణ్ణి పంపి వేరే కొట్టు నుంచి ఇంకోటి తెప్పించాడు. చూద్దామనే ఇచ్చాడో, నిజంగానే అంటగట్టబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అది వచ్చేలోపు పక్క మెస్‌లో భోజనం చేశాం. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, గడ్డపెరుగు. 130 అంటే ఆటోనగర్‌లో కూడా ఇంతా అనిపించింది కానీ ఆ పప్పు హైదరాబాద్‌లో 300 పెట్టినా దొరకదు. మా ఆవిడ రెండోసారి వేయించుకుంది, నేను లెక్కపెట్టలేదు.

బిగించే పని దగ్గర ఇంకో గంట. ఈ టైర్లకు 65 దాకా గాలి కొట్టాలి, రబ్బరు వాల్వుకు అదే ఆఖరి హద్దు కాబట్టి ఇనప వాల్వులు వేయించాడు, వాటికి వేరే డబ్బులు. రిమ్ములు ఉక్కువి, గూడ్సు బండివే, వాటి మీది గుర్తులు చూసి, నట్ల బెజ్జాలు సాగాయేమోనని వేలు పెట్టి తడిమి సరేనన్నాడు. నట్లు వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి బిగించాడు. గాలి ఎప్పుడు చూసినా పొద్దున్నే, బండి కదలకముందే చూడమన్నాడు. చివర్లో రాడ్డు తీసుకుని టైరు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఖంగుమంది. నేను అటు తిరిగి నీళ్ల బాటిల్ మూత తీశాను.

ట్యాంకులో నీళ్లన్నీ అక్కడే పారబోయించింది మా ఆవిడ, బాపట్లలో నింపుకుందాం, ఈ తొంభై లీటర్లనూ ఎడమ చక్రం మీద ఎందుకు మోయించడమని. రెండేళ్లుగా నాకు తట్టలేదు అది.

వారధి దాటి, మంగళగిరి, గుంటూరు మీదుగా బాపట్ల చేరేసరికి చీకటి పడింది. ఎనభై, వంద కిలోమీటర్లు పోయాక ఆగి నట్లు మళ్లీ చూసుకోమని పెద్దాయన చెప్పి పంపాడు, అందుకే పెట్రోలు బంకు లైటు కింద ఆపి పానా పెట్టాను. ఎడమవైపు ఒక నట్టు పావు తిప్పు తిరిగింది. ఆనందం పట్టలేక పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"కుడివైపు చూశావా?" అన్నాడు.

చూడలేదు. ఫోన్ మా ఆవిడకిచ్చి పానా పట్టుకుని అటువైపు వెళ్లాను.