పానాల మీద ప్రేమ

కారు పని నేర్చుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: ఒకేసారి పెద్ద సెట్టు కొనేయొద్దు. మా పాత మారుతికి సగం పనులు 10, 12, 14 నంబర్ల (మిల్లీమీటర్ల) పానాలతోనే అయిపోతాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక్కో పానా చేత్తో పట్టి చూసి కొనుక్కున్నాను. టపారియా కంపెనీ రింగు పానా అరచేతిలో ఇమిడే తీరు ఎంత ఇష్టమో!

నట్టు మీద టోపీలా కూర్చునే సాకెట్లు మాత్రం లోపల ఆరు మూలలవే తీసుకోండి. పన్నెండు మూలలది తుప్పుపట్టిన నట్టు మూలల్ని అరగదీస్తుంది. ఆరు మూలలది పలకల్ని పట్టుకుంటుంది, జారదు. వీల్ నట్ల ఆఖరి బిగింపు, ఎంత బలంతో బిగించాలో అంతే బిగించనిచ్చే టార్క్ రెంచ్‌తోనే, ఇందులో రాజీ లేదు.

పెట్టె అంటారా, తెరిస్తే మెట్లలా విచ్చుకునే ఐదు అరల ఇనప పెట్టె. సుత్తి, టామీ రాడ్డు లాంటి బరువులన్నీ అడుగున ఉండాలి, అప్పుడే ఎత్తితే ఒరగదు.